"రుజువైంది" అన్నారు సరే, ఎన్ని లెక్కలు చూశాక?

ఈ రోజుల్లో మందుల గురించి మాట్లాడేవారంతా ఒక మాట తప్పకుండా అంటున్నారు: "పరిశోధనలో రుజువైంది." టీవీలో నూనె అమ్మేవారిదీ అదే మాట. ఫోనులో వచ్చే సందేశాల్లోనూ అదే. యునానీ మందుల పెట్టెల మీద కూడా అదే అచ్చవుతోంది. దవాఖానాకు వచ్చేవారిలో కొందరు "మెంతులతో షుగరు తగ్గుతుందని రుజువైందట కదా హకీం సాబ్, మాత్రలు మానేయమంటారా?" అని అడుగుతారు. మరికొందరు ఇంకో రకం ప్రశ్న తెస్తారు: "బి.సి.జి. టీకా మనవైపు పనిచేయదని తేలిందట, పసిబిడ్డకు వేయించాలా వద్దా?" రెండూ ప్రాణంతో ముడిపడిన ప్రశ్నలే. వీటికి జవాబు చెప్పేముందు మనం తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అది వైద్యం కాదు, లెక్క. కొంచెం ఓపికగా చదవండి. గుణకారం, భాగహారం వస్తే చాలు.

ఇరవైలో ఒకటి

ఒక మందును కొంతమందికి ఇచ్చి, అలాంటివారే ఇంకొంతమందికి ఇవ్వకుండా, రెండు గుంపులనూ పోల్చి చూడటం పరీక్ష. ఆ మందు ఉత్త నీళ్లే అయినా రెండు గుంపుల్లో ఎంతో కొంత తేడా వస్తుంది. మనుషులు అచ్చు గుద్దినట్టు ఉండరు కదా. మరి ఎంత తేడా వస్తే అది మందు వల్లే అనుకోవాలి? ఇంగ్లాండుకు చెందిన రొనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త 1925లో అచ్చయిన తన పుస్తకంలో ఒక హద్దు సూచించాడు. మందులో ఏ పసా లేకపోయినా కేవలం అదృష్టం వల్ల అంత తేడా వచ్చే అవకాశం ఇరవైలో ఒకటి కంటే తక్కువైతే, దాన్ని పట్టించుకోదగ్గ తేడాగా చూడవచ్చు అని. డాక్టర్ల పత్రికల్లో "పి-విలువ 0.05 కంటే తక్కువ" అని రాసేది దీన్నే. (ఈ ఫిషర్ దగ్గరే మన తెలుగువాడైన సి.ఆర్. రావుగారు కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందారు. ఆయన పుట్టింది కర్ణాటకలోని హూవిన హడగలిలో, చదివింది విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. లెక్కలంటే పరదేశీ విద్య అనుకునేవారి కోసం ఈ మాట చెప్తున్నాను.)

ఈ హద్దు ఒక్క లెక్క చూసినప్పుడు బాగానే పనిచేస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఎవరూ ఒక్క లెక్కతో ఆగరు.

మన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వాన కోసం ఆకాశం చూడటం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఊళ్లో ఇరవైమంది పెద్దలు వాన గురించి ఇరవై తేదీలు చెప్పారనుకోండి. వారిలో ఎవరో ఒకరు చెప్పిన రోజున వాన పడక మానదు. ఇక ఆయన మాటకు తిరుగులేదని రచ్చకట్ట మీద నెల రోజులు చెప్పుకుంటారు. మిగతా పంతొమ్మిదిమంది ఏ తేదీలు చెప్పారో ఎవరికీ గుర్తుండదు. పరిశోధనలో జరిగేదీ ఇదే. ఏ పసా లేని మందు ఒక్క లెక్కలో "పనిచేసింది" అని తప్పుగా తేలే అవకాశం నూటికి 5. ఒకదానికొకటి సంబంధం లేని ఐదు లెక్కలు చూస్తే, వాటిలో ఒక్కటైనా అలా తేలే అవకాశం నూటికి 23. పది చూస్తే 40. ఇరవై చూస్తే 64. నమ్మకం లేకపోతే 0.95ను 0.95తో ఇరవైసార్లు వచ్చేలా గుణించుకుంటూ పోండి. 0.36 దగ్గర ఆగుతారు. అంటే అన్నీ సరిగా తేలే అవకాశం నూటికి 36 మాత్రమే.

దీన్ని అందరికీ అర్థమయ్యేలా చూపించినవారు ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు. గుండెపోటు వచ్చిన 17,187 మంది మీద జరిగిన ఐసిస్-2 అనే పెద్ద పరీక్ష ఫలితాలు 1988లో వెలువడ్డాయి. ఆస్పిరిన్ వల్ల మరణాలు బాగా తగ్గాయని అందులో స్పష్టంగా తేలింది. అయితే ఆడవారిలో ఎంత, మగవారిలో ఎంత, ముసలివారిలో ఎంత అని విడదీసి చూపమని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. అలా ముక్కలు చేస్తే ఏమవుతుందో చూపడానికి వారు రోగులను పుట్టిన రాశిని బట్టి కూడా విడదీశారు. మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ వల్ల మేలు లేదని, పైగా కాస్త కీడే జరిగిందని వచ్చింది. మిగతా రాశులవారికి మాత్రం గొప్ప మేలు. (పాశ్చాత్యుల రాశులు పుట్టిన తేదీని బట్టి ఉంటాయి, మన పంచాంగం లెక్క వేరు. ఎవరూ జాతకం తీయనక్కరలేదు.) రాశి చూసి ఆస్పిరిన్ ఆపే డాక్టరు ఎవరూ ఉండరు. కానీ రాశికి బదులు "నలభై దాటిన ఆడవారిలో" అని రాసి ఉంటే ఎంతమంది నమ్మేవారో ఆలోచించండి.

ఇది మా తిబ్బుకు కొత్త మాట కాదు. వెయ్యేళ్ల కింద షేఖుర్రయీస్ ఇబ్నె సీనా తన అల్ ఖానూన్ రెండో భాగంలో, మందును తజ్రిబాతో, అంటే అనుభవంతో, పరీక్షించడానికి ఏడు షరతులు పెట్టాడు. వాటిలో ఒకటి: మందు గుణం ఎప్పుడూ గానీ, ఎక్కువసార్లు గానీ కనబడాలి. అలా కాకపోతే అది కాకతాళీయమే అనుకోవాలి. ఆయన దగ్గర లెక్కల పట్టీ లేదు గానీ, భయం సరైనదే.

అన్ని పరీక్షలూ కలిపి చూస్తే?

ఒక్క పరీక్షను నమ్మలేం గనుక, ఒకే విషయం మీద ప్రపంచమంతటా జరిగిన పరీక్షలన్నీ వెతికి, మంచీ చెడూ తూచి, కలిపి చూసే పద్ధతి వచ్చింది. దాన్ని సిస్టమాటిక్ రివ్యూ అంటారు, మనం క్రమబద్ధ సమీక్ష అనుకుందాం. అంకెలన్నీ కలిపే భాగాన్ని మెటా అనాలిసిస్ అంటారు. 1993లో మొదలైన కాక్రేన్ సంస్థ ఈ పనికి పేరుపొందింది. మన పక్కనున్న వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నుంచి కూడా ఇలాంటి సమీక్షలు వచ్చాయి.

సమీక్ష అనగానే ఇక తిరుగులేదని చాలామంది అనుకుంటారు. అంకెలు పెద్దవయ్యాయి గనుక అదృష్టం పాత్ర తగ్గుతుంది, అది నిజమే. కానీ ఇరవైలో ఒకటి బెడద పోదు. ఒక సమీక్షలో నాలుగు ఫలితాలు చూశారనుకోండి: మరణం, జబ్బు తగ్గడం, నొప్పి, ఆస్పత్రిలో ఉన్న రోజులు. ఒక్కొక్కటీ నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి చూశారు. ఒక్కొక్కటీ పిల్లల్లో, పెద్దల్లో, ముసలివారిలో విడిగా చూశారు. మొత్తం 36 లెక్కలు. మందు ఉత్త నీళ్లే అయినా వాటిలో సగటున రెండు దాకా "రుజువై" కూర్చుంటాయి. దీనికి తోడు, ఒక్కొక్క పరీక్ష చేసినవారే పది కొలిచి, బాగున్న మూడే అచ్చు వేసి ఉండవచ్చు. అచ్చు కానిదాన్ని సమీక్షకుడు ఎక్కడినుంచి కలుపుతాడు? పైగా రెండు మూడేళ్లకోసారి కొత్త పరీక్షలు చేర్చి మళ్లీ లెక్క చూస్తారు. ఎన్నిసార్లు తొంగిచూస్తే అన్నిసార్లు మోసపోయే అవకాశం.

తొందరపడితే ఏమవుతుందో గుండెపోటులో ఇచ్చే మెగ్నీషియం సూది చూపింది. 1991లో ఏడు చిన్న పరీక్షలు, 1,301 మంది రోగులను కలిపి చూస్తే మరణాలు సగానికి పైగా తగ్గినట్టు కనిపించింది. 1995లో 58,050 మందితో జరిగిన ఐసిస్-4 పరీక్షలో ఆ మేలు జాడే లేదు.

మదనపల్లె ముచ్చట

ఇప్పుడు బి.సి.జి. సంగతికి వద్దాం. దీనికి ఎక్కడో వెతకనక్కరలేదు, చింతామణిలో బస్సెక్కితే మదనపల్లె. అక్కడి ఆరోగ్యవరంలోని క్షయ శానటోరియం మీలో పెద్దలకు తెలిసే ఉంటుంది. మన దేశంలో బి.సి.జి. పని 1948లో మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950ల తొలి సంవత్సరాల్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఫ్రిమాట్ మోలర్ అనే డేనిష్ డాక్టరు, తన సహచరులతో కలిసి, ఒకటి విడిచి ఒకటి పద్ధతిలో టీకా వేయించి, ఏళ్ల తరబడి వెంటబడి చూశాడు. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఫలితాలు వచ్చాయి. టీకా పడిన 5,069 మందిలో 33 మందికి క్షయ, పడని 5,808 మందిలో 47 మందికి. అంటే వెయ్యికి ఆరున్నర, వెయ్యికి ఎనిమిది. తేడా ఉంది, కానీ అదృష్టం వల్ల కాదని చెప్పగలిగేంత కాదు.

అదే టీకాకు బ్రిటన్ బడిపిల్లల్లో టీకా పడినవారిలో 13,598కి 62, పడనివారిలో 12,867కి 248. నాలుగింట మూడు వంతులు జబ్బు తగ్గింది. మద్రాసు దగ్గరి చెంగల్పట్టులో 1968లో మొదలైన మహా పరీక్షలో, రెండు వైపులా 88,391 మంది చొప్పున చూస్తే, టీకా పడినవారిలో 505, పడనివారిలో 499. ఏమీ తేడా లేదు. ఒకచోట బంగారం, ఒకచోట మన్ను.

1994లో హార్వర్డ్‌కు చెందిన కోల్డిట్జ్, ఆయన సహచరులు ఇలాంటి 13 పరీక్షలను కలిపి సమీక్ష రాశారు. అందులో మన మదనపల్లె ఒకటి. మొత్తం మీద టీకా క్షయను సగం దాకా తగ్గిస్తుందని వచ్చింది. కానీ చోటుకొక ఫలితం ఎందుకు? దానికి కారణం వెతికారు. చూడండి, ఇక్కడే మన లెక్క అవసరం. కారణాలకు కొదవ లేదు: ఏ సంవత్సరం, ఏ వయసు, ఏ రకం బి.సి.జి., ముందుగా చర్మపరీక్ష చేశారా లేదా, గుంపులను ఎలా విడదీశారు, పరీక్ష ఎంత జాగ్రత్తగా జరిగింది, ఊరు భూమధ్యరేఖకు ఎంత దూరం. ఉన్నవి పదమూడే పరీక్షలు. పదమూడు చుక్కల మీద పది గీతలు గీసి చూస్తే, ఏదో ఒక గీత చుక్కలకు సరిపోయే అవకాశం నూటికి 40 అని పైన చూశాం.

వారికి సరిపోయినవి రెండు: భూమధ్యరేఖకు దూరం, పరీక్ష నాణ్యత. ఈ రెండూ కలిసి పరీక్షల మధ్య తేడాలో 66 శాతాన్ని వివరించాయి. దూరం పెరిగేకొద్దీ టీకా బాగా పనిచేసింది. బ్రిటన్ 52 డిగ్రీలు, మదనపల్లె, చెంగల్పట్టు 13 డిగ్రీలు. మన జంగమకోటె కూడా 13 డిగ్రీల మీదే ఉంది. "మనవైపు బి.సి.జి. పనిచేయదు" అనే పుకారుకు వేరు ఇదే.

మరి ఇది కూడా మిథునరాశి లాంటి కాకతాళీయమేనా? పూర్తిగా కాదు అనే నా అభిప్రాయం. ఒకటి, ఈ ఊహ అంకెలు చూశాక పుట్టింది కాదు. వేడి ప్రాంతాల మట్టిలో, నీళ్లలో క్షయ క్రిమికి బంధువులైన క్రిములు ఎక్కువగా ఉంటాయి, అవి మన ఒంట్లోకి చేరి ముందే కొంత రక్షణ ఇవ్వడం వల్ల టీకా కొత్తగా చేసేది తక్కువగా కనిపిస్తుంది అని, గినీ పందుల మీద పరీక్షలతో పామర్, లాంగ్ అనేవారు 1966లోనే రాశారు. రెండు, తర్వాతి సమీక్షలోనూ ఆ సంబంధం నిలబడింది. కానీ దాన్ని అతిగా నమ్మకూడదు కూడా. హైతీ 19 డిగ్రీల్లోనే ఉన్నా అక్కడ రక్షణ బ్రహ్మాండంగా కనిపించింది. అయితే అక్కడ దొరికిన రోగులు మొత్తం 18 మందే. అమెరికాలోని జార్జియా 33 డిగ్రీల్లో ఉన్నా అక్కడ మేలు కనబడలేదు. ఊరి అక్షాంశం ఎవరికీ జబ్బు తేదు, తగ్గించదు. అది లోపలున్న వేరే కారణానికి పైకి కనబడే గుర్తు మాత్రమే.

2014లో మంగ్తానీ, ఆమె సహచరులు మళ్లీ సమీక్ష చేశారు. ఈసారి ఊపిరితిత్తుల క్షయ మీద 18 పరీక్షలు దొరికాయి. దూరం ప్రభావం ఉంది, కానీ మిగతా కారణాలన్నీ కలిపి చూస్తే కొంత పలచబడింది. వయసు, టీకాకు ముందు చర్మపరీక్ష ఎంత కచ్చితంగా చేశారన్నది పెద్ద కారణాలుగా తేలాయి. టీకా రకం వల్ల తేడా ఉందనడానికి ఆధారం దొరకలేదు. పసిపిల్లలుగా ఉన్నప్పుడు వేస్తే ఊపిరితిత్తుల క్షయ 59 శాతం తగ్గింది. ఒళ్లంతా పాకే క్షయ, మెదడు పొరలకు సోకే క్షయ అయితే 90 శాతం తగ్గాయి. పసిబిడ్డల ప్రాణాలు తీసేవి, బతికినా అవిటివారిని చేసేవి ఈ రెండే. మదనపల్లె, చెంగల్పట్టు అంకెల్లో ఎక్కువ భాగం పెద్దవారివి. చెంగల్పట్టు పరీక్షనే పదిహేనేళ్లు కొనసాగించి 1999లో చెప్పింది కూడా అదే: పెద్దల్లో రక్షణ లేదు, 14 ఏళ్ల లోపు పిల్లల్లో 27 శాతం. అయితే ఆ 27కు హద్దులు మైనస్ 8 నుంచి 50 దాకా ఉన్నాయి, అంటే ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకొని ఏమీ తేల్చలేం.

కాబట్టి బిడ్డ పుట్టగానే ఆస్పత్రిలో వేసే బి.సి.జి. తప్పకుండా వేయించండి. ఏ కారణం చేతనైనా తప్పిపోతే ఏడాది లోపు వేయించుకునే వీలుంది. 13 డిగ్రీలు, 52 డిగ్రీలు అనే మాట పండితుల చర్చ. మీ మనవరాలి విషయంలో దాన్ని అడ్డం పెట్టుకోకండి.

దీనికి మందు ఏమిటి?

ఇటలీకి చెందిన బాన్‌ఫెరోని పేరుతో ఒక సులువు సూత్రం ఉంది. ఇరవైలో ఒకటి అనే హద్దును, చూసిన లెక్కల సంఖ్యతో భాగించండి. పది లెక్కలు చూస్తే, రెండువందల్లో ఒకటి కంటే తక్కువ అవకాశం ఉన్నదాన్నే నమ్మండి. సూత్రం బాగుంది గానీ మోటుది. పరగడుపు షుగరు, తిన్నాక షుగరు జోడెద్దుల్లా కలిసి నడుస్తాయి. వాటిని సంబంధం లేని రెండు లెక్కలుగా భాగిస్తే నిజంగా పనిచేసే మందునూ తోసిపుచ్చేస్తాం. అందుకే సమీక్షల్లో చాలామంది ఈ భాగహారం చేయరు. వారు నమ్ముకునేది ఇంకొకటి: ఏది ముఖ్యమైన ఫలితమో, ఏయే గుంపులను విడిగా చూస్తామో, మొదలుపెట్టకముందే రాసి అందరికీ కనబడేలా పెట్టడం. మన దేశంలో మందుల పరీక్షలకు 2007లో జాతీయ రిజిస్టరు మొదలైంది, దాన్ని సి.టి.ఆర్.ఐ. అంటారు. సమీక్షలకు ఇంగ్లాండులోని యార్క్ విశ్వవిద్యాలయం 2011లో ప్రాస్పెరో అనే రిజిస్టరు తెరిచింది. వాన పడ్డాక తేదీ చెప్పకుండా, ముందే పలక మీద రాసి పెట్టించడం లాంటిది ఇది. రిజిస్టరులో రాసిన ఫలితం ఒకటి, అచ్చులో మొదట కనిపించేది ఇంకొకటి అయితే అనుమానించండి.

మెంతులు, కాకర

ఇక మెంతులు. మేము హుల్బా అంటాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో ఇన్సులిన్ మీద ఉన్న షుగరు రోగులకు, నూనె తీసిన మెంతిపొడి రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లో కలిపి, పది రోజులు పెట్టి చూశారు. పరగడుపు షుగరు తగ్గింది, మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది, కొలెస్ట్రాల్, ఎల్.డి.ఎల్., వి.ఎల్.డి.ఎల్., ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, హెచ్.డి.ఎల్. మారలేదు. ఎన్ని కొలిచారో లెక్కపెట్టండి. అయినా దీన్ని కాకతాళీయం అని కొట్టేయను. దాదాపు అన్నీ ఒకే వైపు మొగ్గాయి. కానీ పది రోజుల ముచ్చట, కొద్దిమంది రోగులు. పైగా 100 గ్రాములంటే మనం పోపులో వేసే పిడికెడు కూడా కాదు, దోసెడు.

2014లో సింగపూరు నుంచి నీలకంఠన్, ఆమె సహచరులు పది పరీక్షలు కలిపి సమీక్ష చేశారు. పరగడుపు షుగరు సగటున 17 పాయింట్లు, రెండు గంటల తర్వాతి షుగరు 39 పాయింట్లు దాకా తగ్గింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 0.85 శాతం తగ్గింది, కానీ ఆ లెక్క మూడు పరీక్షల మీదే నిలబడింది. గుంపులుగా విడదీస్తే, షుగరు ఉన్నవారికి రోజుకు కనీసం 5 గ్రాములు ఇచ్చిన పరీక్షల్లోనే మేలు కనిపించింది. పరీక్షల్లో ఎక్కువ భాగం నాణ్యత తక్కువవని, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని వారే రాశారు. విడదీసిన గుంపుల్లో దొరికిన మాటను గట్టి మాటగా తీసుకోకూడదు. అయితే ఎక్కువ మోతాదుకు ఎక్కువ గుణం అనేది ఇంగితానికి సరిపోతుంది గనుక కొట్టిపారేయనూ అక్కరలేదు.

కాకర కథ వేరు. మన ఇళ్లలో కాకర రసం తాగనివారు లేరు. 2012లో కాక్రేన్ సమీక్ష నాలుగు పరీక్షలు, 479 మంది రోగులను చూసి, షుగరుకు కాకర పనిచేస్తుందనడానికి చాలినంత ఆధారం లేదని తేల్చింది. పనిచేయదని రుజువైనట్టు కాదు. రుజువు లేదని మాత్రమే. కానీ పెట్టె మీద మెంతులకూ కాకరకూ ఒకే అక్షరాలతో "రుజువైంది" అని అచ్చు వేస్తారు.

మెంతులు తినదలచినవారు రోజుకు 5 నుంచి 10 గ్రాములు రాత్రి నానబెట్టి ఉదయం తినవచ్చు. డాక్టరు రాసిన మాత్రలు, ఇన్సులిన్ మాత్రం ఆపకూడదు. మాత్రలతోపాటు మెంతులు తింటున్నప్పుడు చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే షుగరు మరీ పడిపోయినట్టు. వెంటనే చక్కెర నోట్లో వేసుకుని, డాక్టరుకు మెంతుల సంగతి కూడా చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు ఇంత మోతాదులో తినడం మొదలుపెట్టే ముందు అడిగి తెలుసుకోవాలి.